నాయకుల పుస్తకం ప్రాజెక్టు: పేజీలు ఇలా విడగొట్టి చూడండి

తిరుపతిలో అయిదో తరగతి చదివే మీ బాబుకి 'జాతీయ నాయకులు, మారిన ప్రసార సాధనాలు' మీద చిన్న పుస్తకం చేయమన్నారని, ఫొటోలు, పుట్టిన తేదీలు తప్ప ఇంకేం తోచడం లేదని రాశారు కదండీ. టెన్షన్ పడకండి. నాయకుడికో పేజీ కాకుండా సాధనానికో పేజీ పెట్టించండి, కథ దానంతటదే నడుస్తుంది.

పత్రిక పేజీలో తిలక్ 'కేసరి' (1881), మన కాశీనాథుని నాగేశ్వరరావుగారి 'ఆంధ్రపత్రిక' (1908) చాలు.

రేడియోకి మాత్రం రెండు పేజీలు ఇవ్వండి. 1942లో సుభాష్ చంద్రబోస్ జర్మనీ నుంచి ఆజాద్ హింద్ రేడియోలో మాట్లాడారు. గాంధీగారిది ఇంకా మంచి ఘట్టం. దేశ విభజనప్పుడు ఇళ్లు వదిలొచ్చి కురుక్షేత్ర శిబిరంలో తలదాచుకున్న శరణార్థుల దగ్గరికి వెళ్లలేక, 1947 నవంబర్ 12న ఢిల్లీ ఆకాశవాణి స్టూడియోకి వెళ్లి మైకు ముందు కూర్చుని వాళ్లతో మాట్లాడారు. ఒకవైపు మైకు ముందు గాంధీగారు, ఎదురు పేజీలో గుడారాల మధ్య వింటున్న జనం: ఈ బొమ్మ పిల్లలు ఇష్టంగా గీస్తారు.

టీవీ ఢిల్లీలో 1959లో మొదలైంది, రంగులు 1982లో వచ్చాయి. ఫోన్ పేజీకి 2014లో రేడియోలో మొదలైన ప్రధాని 'మన్ కీ బాత్' సరిపోతుంది, ఇప్పుడు దాన్ని ఫోన్‌లోనూ వింటున్నారు.

చివరి పేజీ ఖాళీగా ఉంచండి. ఇంట్లో తాతయ్యో నానమ్మో ఉంటే, చిన్నప్పుడు వార్తలు ఎవరింట్లో, దేంట్లో వినేవారో బాబునే అడిగి రాయమనండి. తప్పులున్నా మీరు దిద్దొద్దు.