మామగారి ముఖంలో నవ్వు లేదంటే అది అలక కాకపోవచ్చు

ప్రశ్న: మా మామగారికి 66 ఏళ్లు. హైస్కూల్ టీచర్‌గా రిటైరయ్యారు. ఏడాదిన్నరగా ఆయన తీరు మారిపోయింది. ఎవరు పలకరించినా ముఖంలో నవ్వు ఉండదు, రెప్ప వేయకుండా అలాగే చూస్తారు. పోయిన నెల మా ఆడపడుచు సీమంతానికి వచ్చినవాళ్లందరూ ఆయన అలిగారనే అనుకున్నారు. నేను మళ్లీ ఉద్యోగంలో చేరడం ఇష్టం లేక అలా ఉంటున్నారని మా అత్తగారు అంటున్నారు. అడిగితే ‘నాకేం కోపం లేదమ్మా’ అంటారు, అదీ వినిపించీ వినిపించనట్టు. చూపును బట్టి, కూర్చునే తీరును బట్టి మనిషి మనసు చెప్పవచ్చని వీడియోల్లో చూశాను. ఆయన మనసులో ఏముందో ఎలా తెలుసుకోవాలి? కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లమంటారా? బీపీకి మాత్ర వాడుతున్నారు, షుగర్ లేదు. గ్యాస్‌కూ, కళ్లు తిరగడానికీ అప్పుడప్పుడూ మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీరు అన్నిటికంటే చివర, అంత ముఖ్యం కాదన్నట్టు రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. గ్యాస్‌కూ, కళ్లు తిరగడానికీ ఆయన వేసుకుంటున్న మాత్రలు ఏవి? ఎంత కాలంగా వేసుకుంటున్నారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతే ఆయన మనసులో ఏముందన్న ప్రశ్నకు వెళ్లాలి.

కారణం చెబుతాను. గ్యాస్‌కు పరగడుపున వేసుకోమని ఇచ్చే క్యాప్సూళ్లలో కొన్నింటిలో రాబిప్రజోల్ లేదా పాంటాప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ అనే రెండో మందు కూడా కలిసి ఉంటుంది. షీటు వెనుక చిన్న అక్షరాలతో ముద్రించి ఉండే ఆ పేరును ఎవరూ చదవరు. కళ్లు తిరగడానికి ఇచ్చే సినారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, తలనొప్పికీ తల తిరగడానికీ రాసే ఫ్లూనారిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ కూడా ఈ కోవలోవే. ఇవన్నీ అవసరమైన చోట, అవసరమైనన్ని రోజులు వాడవలసిన మందులే, వాటిని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఇవి మెదడులో ఒంటి కదలికలు సాఫీగా సాగడానికి కావలసిన డోపమైన్ అనే రసాయనం చేసే పనిని అడ్డుకోగలవు. పెద్ద వయసువారు వీటిని వారాలూ నెలల తరబడి వాడితే కొందరిలో నడక మందగిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, గొంతు తగ్గుతుంది, ముఖంలో కదలిక పోతుంది. మెదడులో డోపమైన్ తగ్గి కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బులాగే అచ్చంగా కనిపించే ఈ స్థితి మందు వల్ల వచ్చిందని గుర్తించి సకాలంలో మాన్పిస్తే, చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. కొందరిలో మాత్రం మందు ఆపినా లక్షణాలు పోవు. అప్పటికే లోపల మొదలైన పార్కిన్సన్స్‌ను ఆ మందు ముందుగా బయటపెట్టిందని అలాంటప్పుడు అనుకోవలసి ఉంటుంది. మీ మామగారిది ఈ రెండింటిలో ఏదో, అసలు ఈ రెండింటిలో ఒకటో కాదో, ఉత్తరం చూసి చెప్పడం నాకు సాధ్యం కాదు, చెప్పకూడదు కూడా. మెదడు, నరాల డాక్టరు, అంటే న్యూరాలజిస్టు, ఆయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని పరీక్షించాలి.

ఇప్పుడు మీరు అడిగిన విషయం. మాట లేకుండానే మనిషి చాలా చెబుతాడన్నది నిజమే. నా వృత్తిలో సగం పని అదే. రోగి తలుపు తీసుకుని లోపలికి వచ్చి కుర్చీలో కూర్చునేలోపు చేతులు రెండూ సమానంగా ఊగుతున్నాయా, మలుపు దగ్గర ఎన్ని అడుగులు వేశారు, రెప్పలు ఎంత సేపటికి ఒకసారి పడుతున్నాయి అన్నవి చూసుకుంటాను. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును మొదటిసారి వివరంగా వర్ణించినప్పుడు ఆయన చెప్పిన రోగులు ఆరుగురే, వారిలో కొందరు ఆయన వీధిలో చూసినవారే. ముందుకు వంగిన ఒళ్లూ, తొందరపడే చిన్న చిన్న అడుగులూ అంత స్పష్టంగా కనబడతాయి. అయితే ఒంటి భాష చదవడానికి ముందు ఆ ఒళ్లు మనసు చెప్పినట్టు కదిలే స్థితిలో ఉందో లేదో తేల్చుకోవాలి. మీరు చూసిన వీడియోల్లో ఆ మాట ఉండదు.

నవ్వునే తీసుకోండి. ఫొటో కోసం నవ్వే నవ్వుకూ, మనవరాలి ముద్దుమాటకు తనంతట తాను వచ్చే నవ్వుకూ మెదడులో దారులు వేరు. రెండో నవ్వులో పెదవుల కొసలు పైకి లేవడంతో పాటు కంటి చుట్టూ ఉండే కండరం కూడా బిగుస్తుందని ఫ్రెంచ్ వైద్యుడు డుషేన్ 1862లోనే చూపించాడు. పక్షవాతం వచ్చిన కొందరు నవ్వమన్నప్పుడు మూతి ఒక పక్కకే కదిలినా, నిజంగా నవ్వొచ్చినప్పుడు రెండు పక్కలా నవ్వుతారు. డోపమైన్ తగ్గినవారిలో ఇది తిరగబడుతుంది. నవ్వమంటే నవ్వుతారు, దానంతట అది రావలసిన నవ్వు మాత్రం ముఖం మీదికి రాదు. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు పడే రెప్ప బాగా తగ్గిపోతుంది, దాంతో గుడ్లప్పగించి చూస్తున్నట్టు ఉంటుంది. నా ఓపీకి వచ్చిన ఒక రైతు భార్య, కూతురి పెళ్లి ఫొటోల్లో ఆయన ముఖం చూసి ఏడాది పాటు మనసులో కుమిలిపోయానని చెప్పింది. ఆ సంబంధం ఆయనకు నచ్చలేదని ఆమె అనుకుంది. ఆయన ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నాడో నా గదిలో, మెల్లని గొంతుతో, ముఖంలో గీత కదలకుండా చెబుతుంటే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. లోపల సంతోషమూ కోపమూ ఎప్పటిలాగే ఉన్నా, వాటిని ముఖం మీదికి తెచ్చే యంత్రాంగం మందగించిందని ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

మీ మామగారి గొంతు కూడా తగ్గిందని రాశారు. ఆ మాట నన్ను ఆలోచనలో పడేస్తోంది. ఆయన టీచరు కాబట్టి పాత డైరీయో, జాబులో ఇంట్లో ఉండే ఉంటాయి. వాటి పక్కన ఈ మధ్య రాసినది పెట్టి చూడండి, అక్షరాలు చిన్నవైపోయాయా, వరుస చివరికి వచ్చేసరికి ఇంకా కుంచించుకుపోతున్నాయా గమనించండి. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఎక్కువ సమయం పడుతోందా, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకుండా ఒంటికి అతుక్కుని ఉంటోందా, నిద్రలో కేకలు వేయడం, చేతులు విసరడం ఉందా, కూర వాసన తెలుస్తోందా, మలబద్ధకం ఎన్నాళ్ల నుంచి ఉంది అన్నవి కూడా రాసి పెట్టుకోండి. వణుకు లేదు కదా అని ధీమా పడవద్దు, అందరిలోనూ జబ్బు వణుకుతోనే మొదలుకాదు. మందు వల్ల వచ్చినది సాధారణంగా రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పార్కిన్సన్స్ ఒక వైపు ముందుగా మొదలవుతుంది. ఇది కచ్చితమైన గీటురాయి కాదు గానీ డాక్టరుకు ఉపయోగపడుతుంది. థైరాయిడ్ తగ్గినా, డిప్రెషన్ ఉన్నా, చెవి సరిగా వినబడకపోయినా మనిషి ఇలాగే ముభావంగా కనబడవచ్చు కాబట్టి థైరాయిడ్, బీ12 రక్తపరీక్షలు చేయిస్తారు, అవసరమనుకుంటే ఎంఆర్ఐ రాస్తారు. ముందుగానే ల్యాబుకు వెళ్లి స్కానింగ్ తీయించుకుని రావలసిన పని లేదు.

ఒక విషయంలో మిమ్మల్ని కాస్త మందలించక తప్పదు. ఏడాదిన్నరగా ముఖం మారింది, గొంతు మారింది, కళ్లు తిరుగుతున్నాయి, ఇంత కాలంలో ఒక్క డాక్టరైనా ఆయన నాడి పట్టుకుని చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. మీరు ‘గ్యాస్’ అంటున్నది చాలాసార్లు మలబద్ధకమే అయి ఉంటుంది, అది పార్కిన్సన్స్‌లో అన్నిటికంటే ముందు వచ్చే లక్షణాల్లో ఒకటి. లేచి నిలబడగానే బీపీ పడిపోవడం వల్ల కూడా కళ్లు తిరుగుతాయి, అది ఈ జబ్బు వల్లా రావచ్చు, బీపీ మాత్ర మోతాదు ఎక్కువై కూడా రావచ్చు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తే అయిదు నిమిషాల్లో తేలే సంగతి అది. అది తేల్చుకోకుండా కౌంటర్ మీద పది రూపాయల మాత్ర తెచ్చుకోవడం, తగ్గితే మానేయడం, మళ్లీ రాగానే అదే షీటు చూపించి ఇంకొకటి తెచ్చుకోవడం వల్ల, లక్షణానికి వేసుకున్న మందే జబ్బును పెంచి ఉండవచ్చు. షాపువాళ్లు ఇచ్చింది ఆయన అడిగిన బాధకే, అయితే ఆయన ముఖాన్ని వాళ్లు ఏడాదిన్నరగా చూడలేదు. మీరు చూశారు.

ఈ వారంలోనే ఆయనను తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న షీట్లన్నీ, ఖాళీవి సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. గుంటూరు, విజయవాడల్లో న్యూరాలజిస్టులున్నారు, అంత దూరం వెంటనే కుదరకపోతే ముందు మీ ఊరిలోని ఫిజీషియన్‌కు ఆ సంచి చూపించి గ్యాస్, కళ్లు తిరిగే మందులు ఆపవచ్చా అని అడగండి. నా జవాబు చదివి బీపీ మాత్ర మాత్రం ఆపవద్దు. మానసిక సమస్యకు వాడే మందులేవైనా ఉంటే వాటిని కూడా హఠాత్తుగా మానకూడదు. దూలగొండి గింజల పొడి వణుకుకు మంచిదని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. ఆ గింజల్లో లెవోడోపా, అంటే పార్కిన్సన్స్‌కు డాక్టర్లు రాసే మందే, ఉన్నమాట నిజమే, కానీ చెంచాలో ఎంత వస్తోందో తెలియకుండా వాడితే బీపీ పడిపోవచ్చు, లేనిపోనివి కనబడవచ్చు, డాక్టరు రాసే మోతాదు కూడా తారుమారవుతుంది. ముఖం ఒక్కసారిగా ఒక పక్కకు వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి పడిపోయినా ఇందులో రాసినదేదీ వర్తించదు, అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు కాబట్టి వెంటనే 108కు ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కౌన్సెలింగ్ అక్కర్లేదని నేను అనను. పార్కిన్సన్స్‌తో పాటు డిప్రెషన్ రావడం మామూలే, ఆ సంగతి ముఖం చూసి తేల్చలేం, అడిగి తెలుసుకోవాలి. అందాకా ఇంట్లో ఆయన ముఖాన్ని చదవడం మానేసి మాటను నమ్మండి. ‘నాకేం కోపం లేదమ్మా’ అని ఆయన అన్నారు, నేనైతే దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకుంటాను. ప్రశ్న అడిగాక జవాబుకు కాస్త ఎక్కువ సేపు ఆగండి, టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆయన నిద్ర సంగతి ఆమెకే బాగా తెలుస్తుంది, పైగా ఆయన ముఖం ఎందుకలా ఉంటోందో డాక్టరు చెప్పే మాట ఆమె స్వయంగా వినడం అవసరం.