చిన్నాన్న గురించి రాసే ముందు

చిరంజీవి మేనల్లుడికి,
అత్త ఆశీస్సులు.

సంవత్సరీకం నాటికి చిన్నాన్న మీద చిన్న పుస్తకం వేయించాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మంచి పని తలపెట్టావు. నువ్వు పంపిన మొదటి పేజీ చదివాను. కరుణామయుడు, త్యాగశీలి, కుటుంబమే ప్రాణంగా బతికిన మహనీయుడు అని రాశావు. అన్నీ నిజమే. కానీ పేరు మారిస్తే ఆ పేజీ ఎవరి సంవత్సరీకానికైనా సరిపోతుంది. నా తమ్ముడు అందులో నాకు కనిపించలేదు.

వాడు ఏం చేశాడో రాయి. మీ నాన్న పోయాక బియ్యం మిల్లు గుమస్తా జీతంతో రెండు కుటుంబాలను ఎలా సాకాడో వాడి చిట్టా పుస్తకాలే చెబుతాయి. వరదలో తడిసి అట్టలు ఉబ్బిపోయినవి రెండు నా బీరువాలో ఉన్నాయి. సిరా చాలాచోట్ల అలుక్కుపోయింది, కాగితాల అంచున బురద చార ఇంకా ఉంది. అయినా చదవవచ్చు. "పెద్దవాడి ఫీజు", "వదినకు కళ్లద్దాలు", "చిన్నదానికి చెప్పులు". ఎన్ని పేజీలు తిప్పినా తన కోసం పెట్టిన ఖర్చు కనబడదు. వాటిని ఫొటో తీసి ఉన్నవి ఉన్నట్టే అచ్చు వేయించు. పక్కన నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

వరద సంగతి మాత్రం వివరంగా రాయాలి. 2009 అక్టోబరు 2. దిగువన శ్రీశైలం జలాశయం నిండి నీళ్లు వెనక్కి ఎగదన్నుతుంటే తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీద పడ్డాయి. నువ్వు అప్పటికి చిన్నవాడివి, మిద్దె మీద గడిపిన రాత్రి తప్ప నీకు గుర్తుండకపోవచ్చు. దసరాకు వచ్చి ఆగిపోయిన నేను కళ్లారా చూశాను. వాడు ముందు మా అమ్మను వీపున వేసుకుని మెట్లెక్కాడు. మళ్లీ కిందికి దిగి మీ సర్టిఫికెట్లు, మీ అమ్మ కుట్టుమిషను పైకి చేర్చాడు. తన పెళ్లి ఫొటోలున్న ట్రంకు పెట్టె నీళ్లలోనే ఉండిపోయింది. పక్కింటివాళ్లను కూడా కూర్చోబెట్టి అడుగు. వాళ్లు చెప్పేదానికీ నేను చెప్పేదానికీ పొంతన కుదరకపోతే రెండూ రాయి, సర్దడానికి ప్రయత్నించకు.

ఇంట్లో ఫొటోలు మిగలలేదు కాబట్టి ఆదోని, నంద్యాల బంధువులను పట్టుకో. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడితే చాలు, పిల్లలందరినీ వెంటబెట్టుకుని బయలుదేరేవాడు. ఆ ఫొటోలు ఎవరి ఆల్బంలోనైనా ఉంటాయి. అసలువి అడగకు, ఫోనుతో తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చెయ్యి. ఏ ముఖం ఎవరిదో అప్పుడే అడిగి రాసుకో. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

చిన్నమ్మను అడిగే పద్ధతి వేరు. పదిమందిలో ఫోను ముందుపెట్టి చెప్పమంటే ఏడుపు తప్ప మాట రాదు. పొద్దున్నే వెళ్లి, ఆమె ఉగ్గాని చేస్తుంటే వంటింట్లోనే కూర్చో. బొరుగులు నానబెట్టి పిండుతున్నప్పుడు, చిన్నాన్న పుట్నాల పొడి ఎంత వేయమనేవాడో అడుగు. అక్కడినుంచి మాట దానంతటదే వస్తుంది. రికార్డు చేస్తున్న సంగతి మాత్రం ముందే చెప్పు. దాచి చేస్తే నేను ఒప్పుకోను.

వాడి కోపాన్ని కప్పిపుచ్చకు. మీ అక్క తనకు నచ్చినవాణ్ణి చేసుకుంటానన్నప్పుడు ఎంత మొండికేశాడో, ఎన్నాళ్లు ముఖం చూడలేదో ఇంటిల్లిపాదికీ తెలుసు. అదే మనిషి, దాని పురుటికి అందరికంటే ముందు ఆసుపత్రికి చేరి, తెల్లవార్లూ వరండాలో నిలబడ్డాడు. ఆ పంతం రాయకపోతే ఈ నిలబడటం ఎవరికీ అర్థం కాదు. అయితే మీ అక్క సరేనన్నాకే రాయి. వాడి దగ్గర అప్పు తీసుకుని ఇవ్వనివాళ్ల పేర్లు చిట్టాలో కనబడతాయి. ఆ పేజీలు పుస్తకంలోకి రాకూడదు. బతికుండగా వాడు ఆ పేర్లు నోటితో అనలేదు.

అచ్చుకు ఇచ్చే ముందు మొత్తం చిన్నమ్మకు చదివి వినిపించు. ఆమె వద్దన్న వాక్యం ఎంత బాగున్నా తీసెయ్యి. చిట్టా పుస్తకాలను కొరియర్‌లో పంపను. ఆదివారం నువ్వే వచ్చి తీసుకెళ్లు, భోజనం ఇక్కడే.

మీ మేనత్త
కర్నూలు