చెర్నోబిల్‌లో పోయింది ముప్పై మందేనా?

ప్రశ్న: చెర్నోబిల్‌లో చనిపోయింది ముప్పై మందేనని ఒకచోట, లక్షల మందని ఇంకోచోట చదివాను. ఏది నమ్మాలి? ఫుకుషిమాలో రేడియేషన్ వల్ల దాదాపు ఎవరూ పోలేదంటున్నారు, మరి అంత పెద్ద ప్రమాదమని ఎందుకంటారు?

జవాబు: ముప్పై అన్నది అబద్ధం కాదండీ, కాకపోతే అది మొదటి కొన్ని నెలల లెక్క. 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక, అప్పటి సోవియట్ యూనియన్‌లోని (ఇప్పటి ఉక్రెయిన్) చెర్నోబిల్ అణు విద్యుత్ ప్లాంటులో నాలుగో రియాక్టర్ పేలిపోయింది, ఇద్దరు ఆ పేలుడుకే పోయారు. ప్లాంటు సిబ్బంది, మంటలార్పడానికి వెళ్లినవాళ్లు కలిపి 134 మందికి రేడియేషన్ జబ్బు చేసింది. ఆ జబ్బు ఎంత క్రూరమైందంటే, ముందు వాంతులవుతాయి, తర్వాత కొన్నాళ్లు తగ్గిపోయినట్టే ఉంటుంది, ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునేలోపు చర్మం ఊడిపోవడం మొదలవుతుంది. వాళ్లలో 28 మంది ఆ ఏడాదే చనిపోయారు.

లక్షల లెక్క క్యాన్సర్ అంచనాల నుంచి వస్తుంది. ఎక్కువ రేడియేషన్ తగిలిన సుమారు ఆరు లక్షల మందిలో చివరికి నాలుగు వేల మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది. యూరప్ మొత్తాన్నీ కలిపి లెక్కవేసినవాళ్ల అంకెలు ఇంకా చాలా పెద్దవి. క్యాన్సర్ మామూలుగానే ఎంతోమందికి వస్తుంది కాబట్టి, ఫలానా మనిషి చెర్నోబిల్ వల్లే పోయాడని చెప్పడం కుదరదు.

పిల్లల థైరాయిడ్ క్యాన్సర్ విషయంలో మాత్రం ఆ సందేహం లేదు, నాకు కోపం ఆగనిది కూడా అక్కడే. రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడింది, ఆ గడ్డి ఆవు మేసింది, ఆ పాలు పిల్లలు తాగారు, అది వాళ్ల మెడలోని థైరాయిడ్ గ్రంథిలో పేరుకుంది. ఆ అయోడిన్ ఎనిమిది రోజులకోసారి సగానికి తగ్గిపోతుంది, అంటే కొన్ని వారాలు ఆ పాలు తాగనివ్వకుండా ఉంటే చాలావరకు తప్పిపోయేది! పక్కనున్న పోలండ్ మూడు నాలుగు రోజుల్లోనే కోటి మందికి పైగా పిల్లలకు, ఆ రేడియోధార్మిక అయోడిన్ థైరాయిడ్‌లో చేరకుండా అడ్డుకునే మామూలు అయోడిన్ మందు పట్టించింది. కానీ ప్రమాదం జరిగిన దేశంలో ఎన్నో పల్లెల్లోని తల్లులకు సమయానికి ఆ పాలు పట్టొద్దన్న ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు. 2005 నాటికి బెలారస్, ఉక్రెయిన్, రష్యాల్లో అప్పటి పిల్లల్లో ఆరు వేలకు పైగా కేసులు తేలాయి. చనిపోయింది పదిహేను మందే, నిజమే, కానీ మిగతావాళ్లలో ఎక్కువమంది మెడ మీద ఆపరేషన్ గాటుతో, జీవితాంతం రోజూ మాత్ర వేసుకుంటూ బతకాలి. మృతుల లెక్కలో వీళ్లెక్కడా కనిపించరు.

ఇక ఫుకుషిమా. 2011 మార్చిలో జపాన్‌లోని ఆ అణు విద్యుత్ ప్లాంటును సునామీ ముంచేశాక లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలారు. ప్లాంటుకు ఐదు కిలోమీటర్ల లోపున్న ఒక ఆసుపత్రిలోని మంచం దిగలేని ముసలివాళ్లను బస్సు సీట్లలో కూర్చోబెట్టి, వెంట డాక్టరు లేకుండా, గంటల తరబడి తిప్పారు. దారిలోనూ ఆ తర్వాతా నలభై మందికి పైగా పోయారు. ఊళ్లు వదిలిన అవస్థ, ఆగిన వైద్యం, మనోవ్యథ, ఆత్మహత్యలు అన్నీ కలిపి ఆ జిల్లాలో 2,300కు పైగా మరణాలను ప్రభుత్వమే విపత్తు మరణాలుగా ఒప్పుకుంది. అక్కడ సునామీ నేరుగా తీసుకుపోయినవాళ్ల కంటే ఇది ఎక్కువ. రేడియేషన్ చంపలేదు కాబట్టి ఏమీ కాలేదనడం ఈ కుటుంబాలకు అన్యాయం.

ప్రశ్న: అయితే ఊరు ఖాళీ చేయించడమే తప్పంటారా?

జవాబు: కాదు. చెర్నోబిల్ ప్లాంటు పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణంలో దాదాపు యాభై వేల మందిని ఒకటిన్నర రోజు ఆలస్యంగా, మూడు రోజుల్లో వచ్చేస్తారని చెప్పి బస్సులెక్కించారు. వాళ్లను ఇంకా ముందే, నిజం చెప్పి తీసుకెళ్లాల్సింది. మంచాన ఉన్న రోగుల సంగతి వేరు, నర్సూ మందులూ చేరాల్సిన చోటూ సిద్ధమయ్యేదాకా తలుపులు మూసి లోపలే ఉంచడం చాలాసార్లు మేలు. అయోడిన్ మాత్రలు అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి, అవి థైరాయిడ్‌ను మాత్రమే కాపాడతాయి. గాయాలకు పూసే టింక్చర్ అయోడిన్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తాగకూడదు.