పిడికిలి విప్పలేకపోతున్నారు, బయోఫీడ్‌బ్యాక్ పనిచేస్తుందా?

ప్రశ్న: మావారికి పక్షవాతం వచ్చి అయిదు నెలలైంది. ఎడమ చెయ్యి భుజం దగ్గర లేస్తోంది గానీ పిడికిలి విడటం లేదు. బయోఫీడ్‌బ్యాక్ చేద్దామని ఫిజియోథెరపిస్టు అంటున్నారు. కరెంటు పెడతారేమోనని ఈయన భయం. చెయ్యి మళ్లీ వస్తుందా మేడమ్?

జవాబు: ముందు ఆయన భయం తీర్చండమ్మా. ఇందులో ఒంట్లోకి కరెంటు పంపరు. ముంజేతికి అంటించే ప్యాచులు కండరంలో పుట్టే మైక్రోవోల్టుల విద్యుత్తును అందుకుంటాయి. యంత్రం దాన్ని తెర మీద గీతగానో, శబ్దంగానో చూపిస్తుంది. కరెంటుతో కండరాన్ని కదిలించే చికిత్స వేరు. కొన్ని యంత్రాల్లో రెండూ ఉంటాయి కాబట్టి పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి.

మెదడు నుంచి ఆదేశం కొద్దిగా అందుతున్నా, వేళ్లు కదిలేంత బలం ఉండకపోవచ్చు. ఎంత ప్రయత్నించినా ఏమీ కనబడకపోతే ఎవరికైనా విసుగొస్తుంది. అదే మనిషి గీత లేవడం చూశాక మళ్లీ ప్రయత్నిస్తాడు. ఒక ఫిజియోథెరపిస్టుగా నాకు ఈ యంత్రం మీద గురి కుదిరింది అందుకే.

మీవారి విషయంలో నేనైతే వేళ్లు తెరవమని మొదలుపెట్టను. గట్టిగా ప్రయత్నించేకొద్దీ ముడుచుకునే కండరాలే ఇంకా బిగుసుకుంటాయి. అందుకని ముందు ముంజేతి లోపలివైపు, ఆ ముడిచే కండరాల మీద ప్యాచులు పెట్టి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ గీతను కిందికి దించమంటాను. అది పట్టుబడ్డాకే బయటివైపు ఉండే, వేళ్లు తెరిచే కండరాలు. అక్కడ లక్ష్యం చాలా చిన్నదిగా పెట్టి, అందుకున్నకొద్దీ పెంచుతాం. ఈ దశలో తొందరపెట్టకండి. వేళ్లను బలవంతంగా లాగి తెరవకండి.

చెయ్యి పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను. 2007లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో (ఒక చికిత్స మీద జరిగిన అధ్యయనాలను కలిపి తూచి చూసే నివేదిక ఇది), మామూలు ఫిజియోథెరపీకి దీన్ని జోడిస్తే బలం, నడక మెరుగైనట్టు కొన్ని అధ్యయనాల్లో కనబడింది. కానీ అవన్నీ చిన్నవి, ఆధారం బలహీనమే. కాబట్టి ఇది వ్యాయామానికి తోడుగానే ఉండాలి. అయిదు నెలలంటే ఆలస్యమైపోయినట్టేం కాదు. మొదటి నెలలంత వేగం ఉండదు, అంతే.

తెర ముందు వచ్చిన కదలిక పనిలోకి రావాలి. గ్లాసు పట్టుకుని వదలడం, తువ్వాలు మడవడం వంటివి అదే సెషన్లో చేయించమని అడగండి. కొన్నాళ్లకు తెర చూడకుండా కూడా చేయించాలి. మొదటి రోజే, వేళ్లు తెరిచే కండరంలో సంకేతం కనబడుతోందా అని థెరపిస్టును అడగండి. ఏమీ కనబడకపోతే దీనికి డబ్బు పెట్టేముందు ఇతర పద్ధతుల గురించి ఆయనతో మాట్లాడండి.