డ్రా ఎట్ల నిలబెట్టుకోవాలె

నల్లగొండ

చిన్నోడా,

పాలమూరు చెస్ పోటీల నీ ఎదురుంగ కూసునేటోడు నీ అంత ఆడినోడే. ఇద్దరూ ఆట తెలిసినోళ్లయితే చానాసార్లు చివరికి రూక్‌ల (ఏనుగుల) ఎండ్‌గేమే, అంటే కొన్ని పావులే ఉండే ఆఖరి ఆటే మిగుల్తది. వానికి ఒక బంటు ఎక్కువున్నదని బుగులు పడకు, నిలబెట్టుకోవచ్చు.

బోర్డు పెట్టి చూడు. గడి పేరుల అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డ వరుసది. తెల్ల రాజు డి5, బంటు ఇ5, రూక్ ఎ7. నీవి నల్లపావులు: రాజు ఇ8, రూక్ హెచ్6. నీ రూక్ ఆరో వరుస విడువద్దు, గంతే. అది ఆడున్నంతసేపు తెల్ల రాజు ముందటికి రాలేడు. హెచ్6, జి6, మళ్ల హెచ్6 తిప్పుకుంట ఉండు. బంటు ఇ6కు జరుగంగనే రూక్‌ను హెచ్1కు దింపు. రాజు డి6కొస్తే డి1ల చెక్, ఇ5కు పోతే ఇ1ల చెక్. రాజు దాక్కునే గడిల బంటే కూసున్నది కద, ఇగ వానికి నీడ లేదు. ఫ్రాన్స్ ఆటగాడు ఫిలిడార్ 1777లనే చూపించిన పద్ధతి ఇది.

చెడేది రెండు కాడ. బంటు కదలకముందే చేయి ఆగక కిందికి దిగి చెక్‌లిస్తరు. తెల్ల రాజు ఇ6 ఎక్కుతడు, ఎ8ల రూక్‌తోని మేట్ చేస్తనని బెదిరింపు మొదలైతది, తప్పించుకునుడు చానా కష్టం. రెండోది, బంటు జరిగినంక కూడా రూక్‌ను ఆడనే ఉంచుడు. ఇ6 బంటు నీ రూక్‌కే అడ్డమైతది, రాజు డి6కొచ్చి కూసుంటడు. రూక్‌లు మార్చుకునే ముందు, ఉత్త రాజులూ బంటూ మిగిలితే, రాజులు ఎదురెదురు నిలబడ్డప్పుడు జరగాల్సిన వంతు ఎవలిదో లెక్కేసుకో.

డ్రా అడిగేటప్పుడు ముందు ఎత్తు వెయ్యి, అడుగు, అప్పుడు క్లాక్ నొక్కు. ఎత్తులు రాసుకునే షీట్‌ల సమానం (=) గుర్తు పెట్టు. ఒద్దంటే మళ్లమళ్ల అడిగి సతాయించకు.

ఒకటే స్థితి మూడుసార్లొస్తే కూడా డ్రా అడగొచ్చు. మూడుసార్లు అంటే ఎత్తులు మూడుసార్లు కాదు, బోర్డు మీద అదే స్థితి, అదే మనిషి వంతు. వరుసగనే రావాలని లేదు. నీ ఎత్తుతోని మూడోసారి వస్తదనుకుంటే పావు ముట్టకు. ముడితే ఆ ఎత్తుకు నీ హక్కు పోతది. ఎత్తు షీట్‌ల రాసి, క్లాక్ ఆపి, ఆర్బిటర్‌ను (పోటీ తీర్పరిని) పిలువు. లెక్క తప్పైతే అవతలోనికి రెండు నిమిషాలు కలుపుతరు. బంటు కదలకుండ, పావు కొట్టకుండ ఇద్దరూ చెరి 50 ఎత్తులు ఆడినా ఇట్లనే అడగాలె.

అందుకే ప్రతి ఎత్తు తేటగ రాసుకో. ఆర్బిటర్ చూసేది ఆ షీట్‌నే.