వాన సరిపడా పడినా చోడి (రాగి) ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మాది సీతంపేట కొండల్లోని ఊరు. ఏడాది మొత్తం మీద వర్షపాతం సాధారణమేనని లెక్కలు చెబుతున్నా, కొండవాలులో వేసిన చోడి దిగుబడి తగ్గుతూ వస్తోంది. ఎందుకు?
– ఒక రైతు

జవాబు: లెక్కా నిజమే, మీ నష్టమూ నిజమే. ఏడాది మొత్తం చెప్పే అంకె ఆ వాన ఎన్ని రోజుల్లో, ఏ సమయంలో కురిసిందో చెప్పదు. పైగా మండల కేంద్రంలోని వర్షమాపకం మీ కొండ మీద కురిసిన వానను కొలవదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు కాబట్టి, కురిసిన రోజున వాన కుండపోత అవుతుంది. ఎకరం నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 4 లక్షల లీటర్ల నీరు చేరినట్టు. పల్లపు మడిలో గట్లు దానిని ఆపుతాయి గాని, వాలులో అది పైమట్టినీ ఎరువునూ తీసుకుని గెడ్డలోకి (వాగులోకి) దిగిపోతుంది. మిగిలిన పలుచని నేలలో తేమ నిలవదు గనుక, పల్లపు పైరు తట్టుకునే గెరువుకే (వానలు ఆగిన రోజులకే) కొండపైరు వాడిపోతుంది.

చోడికి మరో గండం పొట్ట, వెన్ను (కంకి) దశల్లో ఉంది. ఆ రోజుల్లో అల్పపీడనం పట్టి మబ్బు, తుంపర విడవకపోతే అగ్గి తెగులు వెన్ను మెడకు సోకుతుంది. కాడ నల్లబడిన వెన్నును నలిపి చూడండి, చేతిలో పొట్టే ఎక్కువగా మిగులుతుంది. చేను దూరానికి పచ్చగానే కనబడడం వల్ల చాలామంది ఈ నష్టాన్ని కోతల దాకా గుర్తించరు.

వాలుకు అడ్డంగా రాతి కట్టలు, కందకాలు వేయడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని. నారు ఒకేసారి పోయకుండా పది, పదిహేను రోజుల తేడాతో రెండు విడతలుగా పోస్తే, ఊడ్పుల వేళ గెరువు వచ్చినా ఒక విడత దక్కుతుంది. చోడిలో కంది సాళ్లు కలిపి వేసే పాత పద్ధతిని వదలకండి. చోడి కోత తరువాత కూడా కంది లోతైన వేళ్లతో అడుగు తేమను అందుకుంటుంది. తెగులును తట్టుకునే చోడి రకాల కోసం విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానాన్ని అడగవచ్చు.

ప్రశ్న: సాలూరు వైపు మా జీడితోటలో పూత బాగా వచ్చినా పిక్క (గింజ) నిలవడం లేదు. ఇదీ వాతావరణమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలావరకు అదే. పూత సమయంలో మధ్యాహ్నపు వేడి 35 డిగ్రీలు దాటి గాలిలో తేమ తగ్గితే పూత మాడిపోతుంది; అకాలపు వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో టీ దోమ అనే పురుగు పెరిగి చిగుళ్ల రసం పీలుస్తుంది. జీడి విషయంలో నాకు మరింత ఆందోళన కలిగించేది ఏమంటే, చెట్టు పోతే నష్టం ఆ ఏటితో తీరదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి చెట్లను కూల్చివేసింది. కొత్తగా నాటిన జీడిమొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు, నిండు కాపుకు మరికొన్నేళ్లు పడుతుంది. అందుచేత ముసలి చెట్ల మధ్య ఇప్పటినుంచే కొన్ని అంటుమొక్కలు పెంచండి. కొత్త చిగురు వచ్చినప్పటి నుంచి లేత కొమ్మలను తరచుగా పరిశీలించి, టీ దోమ చేసే నల్లని మచ్చలు కనబడగానే, పూత విచ్చేదాకా ఆగకుండా, వ్యవసాయ సిబ్బంది సలహాతో మందు పిచికారీ చేయించండి.