అక్వేరియం నీరు తెల్లబారి చేపలు చనిపోతున్నాయి – ఏ ఫిల్టర్ పెట్టాలి?

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. పిల్లల కోసం ఇంట్లో 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న అక్వేరియం పెట్టి, కుళాయి నీటిలో 6 గోల్డ్‌ఫిష్ వేశాం. రెండు వారాల్లో 3 చనిపోయాయి. చిన్న పవర్ ఫిల్టర్ ఉంది. దాని స్పాంజిని మూడు రోజులకోసారి కుళాయి కింద శుభ్రంగా కడుగుతున్నాం. అయినా నీరు తెల్లగా మసకబారుతోంది. ఏ ఫిల్టర్ కొనాలి?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఫిల్టర్ చిన్నదే కావచ్చు, కానీ అసలు నష్టం అలా కడగడంలోనే జరుగుతోంది. చేపల మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. పీహెచ్ పెరిగే కొద్దీ అమ్మోనియా ఎంత ప్రమాదమో చెరువు చేసే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెరువులో అడుగు మట్టి, ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) ఈ భారాన్ని చాలావరకు మోస్తాయి. గాజు తొట్టెలో ఆ బ్యాక్టీరియా ముఖ్యంగా పెరగాల్సింది స్పాంజిలోనే. క్లోరిన్ కలిసిన నీటితో మూడు రోజులకోసారి పిండేస్తుంటే అవి నిలదొక్కుకోలేవు.

మీ తొట్టెలో నికరంగా 100 లీటర్ల నీరు పడుతుంది. గోల్డ్‌ఫిష్ వ్యర్థాలు ఎక్కువ వదులుతుంది కాబట్టి గంటకు 500–600 లీటర్లు ఫిల్టర్ గుండా తిరగాలి. పెట్టె మీద రాసిన అంకె ఖాళీ పంపుది. స్పాంజి, బ్యాక్టీరియా అంటుకుని పెరిగే సిరామిక్ రింగులు నింపాక అది తగ్గుతుంది. అందుకే గంటకు 800 లీటర్లది తీసుకోండి. నీరు మరీ విసురుగా పడితే గొట్టాన్ని గాజు వైపు తిప్పండి.

నా సలహా తొట్టె పైన ట్రేలా అమరే టాప్ ఫిల్టర్, దానికి తోడు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్. తొట్టె బయట పెట్టే మూసిన డబ్బా లాంటి క్యానిస్టర్ ఫిల్టర్ మంచిదే కానీ ఖరీదు ఎక్కువ. పైగా కరెంటు గంటల తరబడి పోతే, మూసి ఉన్న డబ్బాలో ఆక్సిజన్ అందక బ్యాక్టీరియా చచ్చి, కరెంటు రాగానే ఆ కుళ్లు నీరు తొట్టెలోకి వస్తుంది. స్పాంజ్ ఫిల్టర్ ఎయిర్ పంపును ఇన్వర్టర్‌కు కలిపితే కరెంటు పోయినా అది నడుస్తూనే ఉంటుంది.

టాప్ ఫిల్టర్ ట్రేలో నీరు ముందుగా ముతక స్పాంజిలోంచి, తర్వాత సిరామిక్ రింగుల్లోంచి పోవాలి. కార్బన్ సంచి తీసేసి ఆ చోటులోనూ రింగులే నింపండి. కార్బన్ కొన్ని వారాలకే పనిచేయడం మానేస్తుంది, మందు వేస్తే దాన్నీ పీల్చేస్తుంది. పంపు ఆగినప్పుడు నీరు గొట్టంలోంచి దానిలోకి వెనక్కి రాకుండా, ఎయిర్ పంపును నీటి మట్టం కంటే ఎత్తున పెట్టండి. కుదరకపోతే గొట్టంలో గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ బిగించండి. నోటితో ఊదితే గాలి తొట్టె వైపు మాత్రమే పోవాలి. వైరు ప్లగ్గు కంటే కిందకు వేలాడి పైకి వెళ్లేలా ఉంటే నీటి చుక్కలు సాకెట్‌లోకి పోవు. చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసేయండి.

కొత్త ఫిల్టర్‌లో బ్యాక్టీరియా స్థిరపడటానికి 4–6 వారాలు పడుతుంది. రోగాలు లేని పాత తొట్టెలో వాడుతున్న స్పాంజి ముక్క దొరికితే ట్రేలో పెట్టండి, ఈ గడువు బాగా తగ్గుతుంది. అప్పటిదాకా మేత రోజుకు ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేసేంత. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేవరకు రోజూ 25 లీటర్లు మార్చండి. కొత్త నీటికి ముందురోజు నుంచే బకెట్‌లో గాలి పెట్టి క్లోరిన్ పోనివ్వండి. 100 గ్రాముల కల్లుప్పు కరిగించి తొట్టెలో పోస్తే మొప్పల గుండా నైట్రైట్ లోపలికి చేరడం తగ్గుతుంది. తర్వాత మార్చిన ప్రతి 25 లీటర్లకు 25 గ్రాములే కలపండి.

ఫిల్టర్లను రాత్రిపూట కూడా ఆపకండి. నీటి ధార సన్నబడినప్పుడే, తొట్టెలోంచి తీసిన నీటిలో స్పాంజిని రెండు మూడు సార్లు పిండి తిరిగి పెట్టండి. రెండు ఫిల్టర్లనూ ఒకే రోజు కడగవద్దు. గోల్డ్‌ఫిష్ బాగా పెరిగే చేప కాబట్టి ఆ తొట్టెకు మిగిలిన మూడే చాలు. చనిపోయిన వాటి బదులు కొత్తవి తేకండి.